మూటకంటె ముందు చీటీ

శబరీనది యొడ్డున నున్న కుంట తెలుగువారికి పరాయి యూరు కాదు. విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమునుండి భద్రాచలము మీదుగా చింతూరు చేరి, అచటినుండి ఉత్తరముగా సాగు 30వ జాతీయ రహదారి ఆంధ్రప్రదేశ్ పొలిమేర దాటిన పిమ్మట మొదట తగులు బస్తరు పట్టణమదియే. దాని సంతలో నిలుచున్నవానికి ఒక్క గడియలో తెలుగు, దోర్లా మాట, గోండి, హల్బీ, హిందీ యైదును చెవిని బడును. ఓరుగల్లు కోట 1323లో కూలిన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము నిలిపెనని ఆ సీమలో చెప్పుకొందురు. గోదావరి తీరమునకును బస్తరునకును నడుమ రాకపోకలు నాటినుండి నేటివరకు తెగినవి కావు. ఆ దారుల వెంట మనుష్యులు, ఉప్పు, తునికాకు నడచినట్లే యిపుడు ఫైళ్లును నడచుచున్నవి. కంటికి గనబడని ఆ సరకు దూరపు సర్వరునుండి మన చేతికి ఎట్లు వచ్చును, వచ్చినది వచ్చినట్లే యున్నదో లేదో యెట్లు తెలియును అను సంగతిని, నేను కుంటలో నొక వానకాలము గడిపినపుడు తెలిసికొన్నంతవరకు, ఇచట విన్నవింతును.

శబరి పొంగినపుడు ఏ పొలము మునుగును, ఏ బాట మిగులును అని చూపు పటము నొకదానిని గీయవలెనని నా తలంపు. అందులకు నేలయెత్తుల కొలతలు కావలెను. ఆ కొలతలు లోకమున కందరకును ఉచితముగా లభించుచున్నవి. 2000 ఫిబ్రవరి 11న నింగి కెగసిన ఎండెవర్ అను వ్యోమనౌక, అరువది మీటర్ల పొడవుగల దూలపు చివర రాడారు నొకదానిని కట్టుకొని, పదునొకండు దినములు భూమిని చుట్టివచ్చి, ఉత్తరమున 60 డిగ్రీల అక్షాంశము మొదలు దక్షిణమున 56 డిగ్రీల వరకు గల భూభాగపు మిట్టపల్లములను కొలిచెను. ఆ కొలతలను ఒక్కొక్క డిగ్రీ చదరముగా విభజించి, ప్రతి చదరమునకు దాని నైరుతి మూలను బట్టి పేరు పెట్టి ఫైళ్లుగా నుంచిరి. ఎన్17ఈ081 అనగా 17 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 81 డిగ్రీల తూర్పు రేఖాంశము మూలగా గల చదరము. కుంటయు, చింతూరును, కూనవరమును ఆ యొక్క చదరముననే యిమిడినవి. భద్రాచలము దానికి పడమటి చదరము లోనిది. సుక్మా, దంతెవాడ ఉత్తరపు చదరము లోనివి. జగదల్‌పూర్ 82వ రేఖాంశమును గోరంత దాటియుండుటచే ఎన్19ఈ082లో బడగా, దానికి పడమటనున్న చిత్రకోట జలపాతము ఎన్19ఈ081లో బడినది.

ముప్పది మీటర్ల కొక బిందువు చొప్పున కొలిచిన యా పట్టికలో ఒక్కొక్క చదరమునకు 3601 వరుసలు, వరుసకు 3601 బిందువులు, బిందువునకు రెండు బైట్లు. గుణించి చూచినచో 25,934,402 బైట్లు వచ్చును. ఒక్క బైటు తక్కువ కాదు, ఒక్క బైటు ఎక్కువ కాదు. ఎడారియైనను, సముద్రతీరమైనను, దండకారణ్యమైనను ఆ లెక్క మారదు.

దీనిని తెచ్చుకొనుటకు నేను వాడినది ఆర్ అను గణాంక భాష. ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను నిరువురు మొదలుపెట్టిన యా భాష నేడు వాతావరణము, వైద్యము, వ్యవసాయము అను భేదము లేక అంకెలతో పనిగల ప్రతి చోటను వాడుకలో నున్నది. ఇంటర్నెట్టునుండి ఫైలు తెచ్చునట్టి పని ప్రతివాడును మొదటినుండి వ్రాసికొననక్కరలేకుండ అందుకు తగిన లైబ్రరీలు దానిలో గలవు. ప్రోగ్రాములు వ్రాయువారి నోట లైబ్రరీ యనగా పుస్తకముల బీరువా కాదు. ఒకరు వ్రాసి, పదిమంది పరీక్షించి, అందరి వాడుకకు విడిచిపెట్టిన పనిముట్ల పెట్టె. యూఆర్‌ఎల్ అనబడు చిరునామా నొకదానిని చేతబెట్టి, తెచ్చినదానిని ఏ పేరున దాచవలెనో చెప్పినచో చాలును, ఆ పనిముట్టు తక్కినది చూచుకొనును.

చూచుకొనునని నమ్మి నేను ఫోనును లాప్‌టాపునకు జోడించి, ఎన్17ఈ081ను తెమ్మంటిని. సరిగా అరువది సెకన్లు గడవగానే పని నిలిచిపోయెను. తెరమీద రెండు సంఖ్యలు పక్కపక్కన నిలిచెను: దిగిన పొడవు ఏడు లక్షల పైచిలుకు బైట్లు, చెప్పబడిన పొడవు 25,934,402 బైట్లు. రెండును సమానము కావని హెచ్చరిక.

కుంటలో ఆ సాయంత్రము నాకు దొరకిన వేగము సెకనుకు సుమారు లక్ష బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, ఆ వేగమున నిమిషమునకు ఏడున్నర లక్షల బైట్లు మాత్రమే దిగును. మొత్తము చదరము దిగుటకు ముప్పదియైదు నిమిషములు పట్టును. ఆర్ నిర్మాతలు ఫైలు తెచ్చు పని యేదైనను అరువది సెకన్లలో ముగియనిచో విడిచిపెట్టవలెనని ముందుగానే యొక గడువు విధించియుంచిరి. పట్టణములలో నది చాలినంత గడువు. శబరి యొడ్డున నది చాలదు. ఒక్క పంక్తి వ్రాసి గడువును పెంచుకొను వీలు వారే కల్పించిరి. నా మనస్సును పట్టుకొన్నది ఆ గడువు కాదు, ఆ రెండవ సంఖ్య. నా వద్దకింకను రానేరాని ఫైలు ఎంత పొడవు గలదో నా యంత్రమునకు ముందుగా నెవరు చెప్పిరి?

బస్తరు అడవులలో వేసవి వచ్చినదనగా తునికాకు కాలము వచ్చిన దన్నమాట. యాబది యాకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. గోదావరికి ఈవల కల్లేదారు, ఆవల ఫడ్‌మున్షీ, ఇరువురును కల్లముకడ గూర్చుండి కట్టలు లెక్కించి వ్రాసికొందురు. ఏబదివేల యాకులు గల బస్తాను గిడ్డంగి వద్ద మరల విప్పి ఆకు ఆకుగా నెవరును లెక్కింపరు. దానితోడి చీటీ చూతురు. ఏ కల్లము, ఏ నాటిది, ఎన్ని కట్టలు అను మూడు మాటలు దానియందున్నచో వ్యాపారము సాగును. యూఆర్‌ఎల్ వెంట మనము తెప్పించుకొను ప్రతి ఫైలునకును అటువంటి చీటీ యొకటి ముందు నడచును. దానినే హెడర్ అందురు. సర్వరు మొదట చీటీ చదివి వినిపించి, ఒక ఖాళీ పంక్తి విడిచి, పిమ్మట మూట నందించును. మనము బ్రౌజరులో మూటను మాత్రమే చూతుము.

ఈ చీటీ మొదటినుండియు నున్నది కాదు. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనశాలయందు టిమ్ బర్నర్స్-లీ 1991 నాటికి నిలబెట్టిన వెబ్బు తొలి పద్ధతిలో అడుగువాడు ఇమ్మనవలెను, ఇచ్చువాడు ఇచ్చి సంబంధమును తెంచుకొనవలెను, అంతే. తెగుటయే ముగింపునకు గుర్తు. నడుమ తీగ తెగినను అదే గుర్తు గనుక, వచ్చినది సంపూర్ణమో, సగమో అడుగువానికి తెలియు మార్గము లేకుండెను. ఈ లోపమును గుర్తించి, 1996 మే నెలలో ప్రకటించిన ఆ పద్ధతి యొక్క 1.0 పత్రమున హెడర్లను విధివిధానములతో వివరించిరి. మరుసటి సంవత్సరపు 1.1 పత్రము, ఫైలులో నొక ముక్కను మాత్రమే యడుగుకొను పద్ధతిని దానికి జోడించెను. నన్నడిగినచో ఆ 1996 నాటి పత్రమునందు ఎక్కువ మేలుచేసిన మాట యొకటి గలదు. ఇమ్మనుటకు గెట్ అను మాట యున్నట్లే, హెడ్ అను మరియొక మాటను అది వివరించెను. గెట్ అన్నచో చీటీయు మూటయు రెండును వచ్చును. హెడ్ అన్నచో చీటీ మాత్రమే వచ్చును.

ఆ యేడే స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బర్గ్ అను యువకుడు, చాట్ గదిలో మాటలాడుకొను మిత్రులకు విదేశీ మారకపు ధరలు చెప్పు చిన్న యంత్రము నొకదానిని నడుపుచు, ఆ ధరలను ప్రతిదినము వెబ్బునుండి తెచ్చుకొనుటకు సాధనము వెదకుకొనుచుండెను. బ్రెజిల్ దేశస్థుడు రాఫాయెల్ సగుల వ్రాసిన కొలది పంక్తుల ప్రోగ్రాము అతని కంటబడెను. దానిని తీసికొని, దిద్ది, పెంచి, రెండుమారులు పేరు మార్చి, 1998 మార్చి 20న కర్ల్ అను పేరున విడుదల చేసెను. 2000లో దాని లోపలి పనితనమంతటిని వేఱుచేసి, ఇతర ప్రోగ్రాములు వాడుకొనదగిన లిబ్‌కర్ల్ అను లైబ్రరీగా నిచ్చెను. నేను కుంటలో వాడిన ఆర్ లోపల పనిచేసినది అదియే. ఎన్నో భాషలు, ఎన్నో పరికరములు ఆ యొక్క లైబ్రరీ భుజముల మీద నిలిచి ఫైళ్లు తెచ్చుకొనుచున్నవి. నాలుగు మారకపు ధరలకై మొదలైన చేతిపని అది!

రెండవనాడు నేను మూట నడుగుట మాని, చీటీ నడిగితిని. ఆర్‌లో దీనికై కర్ల్‌గెట్‌హెడర్స్ అను పనిముట్టు ప్రత్యేకముగా గలదు. కన్ను మూసి తెరచునంతలో కొన్ని పంక్తులు తెరమీదికి వచ్చెను. అన్నియు గలిపి మూడు నాలుగు వందల బైట్లకు మించవు. మొదటి పంక్తిలో 200 అను సంఖ్య, అనగా అడిగిన వస్తువు ఇచట గలదు, ఇత్తును అని యర్థము. దాని క్రింద కంటెంట్-టైప్ అను మాట కెదురుగా ఇది బైట్ల వరుస, చదువుకొను పాఠము కాదు అని యొక సూచన. ఆ క్రింద కంటెంట్-లెంగ్త్, దాని కెదుట 25934402. లాస్ట్-మాడిఫైడ్ అనుదాని కెదుట ఆ ఫైలు కడపటిసారి మార్పు చెందిన తేదీ, వేళ. ఈ-ట్యాగ్ అనుదాని కెదుట ఉల్లేఖచిహ్నముల నడుమ నొక చిన్న సంకేతము. ఫైలు మారిన యెడల అదియు మారును గనుక వ్రేలిముద్ర వంటిది. చివర యాక్సెప్ట్-రేంజెస్, బైట్స్ అను రెండు మాటలు: ముక్కలుగా నడిగినను ఇత్తునని సర్వరు పలికిన యభయము. ముప్పదియైదు నిమిషముల పనికి పూనుకొనుటకు ముందు తెలియవలసినదంతయు నాకా కొలది పంక్తులలో దొరకెను.

ఆ యభయము నాకు మిక్కిలి యుపకరించెను. మేము బస చేసిన యింటికి సిగ్నలు సరిగా అందదు. ఊరి చివర గుట్టమీద కొంత మేలు. దోర్లా కుటుంబమునకు చెందిన యొక యువకుడు నాకు తోడుగా వచ్చెడివాడు. సగము దిగిన పిదప వాన వచ్చి మేము గుట్ట దిగవలసివచ్చినపుడు, మరునాడు మరల మొదటినుండి తెచ్చుకొననక్కరలేకపోయెను. కొనసాగింపుమని చెప్పినచో, నా డిస్కులో నెన్ని బైట్లున్నవో కర్ల్ తానే చూచుకొని, ఆ తరువాతి బైటునుండి ఇమ్మని యడుగును; సర్వరు 200 అనుటకు బదులు 206 అని, అనగా ఇది ముక్క మాత్రమే అని స్పష్టముగా జెప్పి, మిగిలినది పంపును. ఇచట నొక జాగ్రత్త కావలెను. నిన్నటికిని నేటికిని నడుమ సర్వరుపై నున్న ఫైలును మార్చియున్నచో, నిన్నటి తలకు నేటి మొండెము అతుకుకొనును. అందుచే మిగిలిన ముక్క నడుగునపుడు నిన్నటి ఈ-ట్యాగును గూడ జూపి, అది మారనిచో ముక్కయు, మారినచో మొత్తమును ఇమ్మని యడుగుట మంచిపద్ధతి.

మూడు మెట్లలో చదరము దిగివచ్చెను. ఆ పిమ్మట నేను కనుగొన్న పొరపాటును కొంచెము విస్తరించి చెప్పవలెను. ఏలయనగా దానిలో తప్పు నెట్టుటకు ఎదుటివాడు లేడు, వానయు లేదు.

ఊరికి తిరిగివచ్చిన పిదప, మరియొక మిత్రుని విండోస్ కంప్యూటరులో అదే చదరమును ఆర్ ద్వారా మరల దెప్పించితిని. పట్టణపు లైను గనుక నిమిషము లోపుననే వచ్చెను. పటము గీసి చూడగా బస్తరు సరిహద్దున మూడువేల మీటర్ల శిఖరములు లేచియున్నవి! బస్తరులోని బైలాడిలా కొండలే పదమూడు వందల మీటర్లకు లోబడినవి. హిమాలయములు శబరి యొడ్డున కెట్లు వచ్చెను? ఫైలు పొడవు చూచితిని. 25,934,402 కాదు, అంతకు మించియున్నది. తక్కువగుట లోకమున నెఱిగినదే గాని, దారిలో సరకు పెరుగుట యెక్కడిది?

మెల్లగా బైటు బైటుగా విప్పి చూడగా కారణము తెలిసెను. విండోస్ పద్ధతిలో పాఠమును వ్రాయునపుడు పంక్తి ముగింపునకు రెండు గుర్తులుండవలెను, 13 అను బైటును, 10 అను బైటును. తక్కిన పద్ధతులలో 10 ఒక్కటియే చాలును. తెచ్చినదానిని ముడి బైట్లుగా దాచుమని నేను చెప్పలేదు గనుక, ఆర్ దానిని పాఠముగా భావించి, 10 కనబడిన ప్రతిచోటను దానికి ముందొక 13ను చేర్చుచు బోయెను. కాని యది పాఠము కాదు, నేలయెత్తు. 522 మీటర్ల యెత్తును రెండు బైట్లలో వ్రాసినచో 2, 10 అని వచ్చును. రెండు 256లు, పైన పది. తూర్పు కొండల వాలున 522 మీటర్ల బిందువులు రెండు పక్కపక్కన నున్నవనుకొనుడు. ఫైలులో 2, 10, 2, 10 అని యుండవలెను. నా డిస్కు మీద 2, 13, 10, 2, 13, 10 అని పడినది. మరల రెండేసి చొప్పున జతగూర్చి చదివినచో 525, 2562, 3338! సుకుమారమైన వాలొకటి, రెండు బిందువులు మూడై, పర్వతమై లేచినది. అటుపైని వచ్చు ప్రతి కొలతయు స్థానము తప్పినది.

డబ్ల్యూబీ అను రెండక్షరములు చేర్చి, ముడి బైట్లుగా దాచుమని చెప్పుటతో ఇది కుదురుకొనెను. జిప్ వంటి కొన్ని రకముల ఫైళ్లకు ఆర్ ఆ జాగ్రత్తను తానే తీసికొనును. నేలయెత్తుల ఫైళ్ల తోక దాని జాబితాలో లేదు. సర్వరు పంపిన చీటీలో ఇది పాఠము కాదు, బైట్ల వరుస యని వ్రాసియే యున్నది. వ్రాసియున్నదానిని చదివి, చదివినదానిని బట్టి నడచుకొనవలసిన పని లైబ్రరీలదని నా దృఢమైన యభిప్రాయము. అటుల నడవనిచోట ఆ పని మనదగును. నాటినుండి నేను తెచ్చిన ప్రతి ఫైలు పొడవును చీటీలోని పొడవుతో సరిచూడక యే పటమునకును చేయి పెట్టను.

కుంటలో నున్నపుడే, గుట్టమీదికి నాతో వచ్చు యువకుడు ఒకనాడు పండ్రెండు గోండి పాటల యూఆర్‌ఎల్‌లు తెచ్చి, వానిని దింపి యిమ్మనెను. కర్ల్‌తో అన్నింటిని వరుసగా దించితిని. పదునొకండు పాడినవి, ఒకటి నోరు మెదపలేదు.

“సారూ, ఈ పాట రాలే. పేరు మాత్రం పాట పేరే ఉంది,” అని ఫోను నా చేతిలో పెట్టెను.

“ఎంత సైజుందో చూడు తమ్ముడూ,” అంటిని.

“ఒకటిన్నర కేబీ. తక్కినవన్నీ నాలుగైదు ఎంబీలు.”

నోట్‌ప్యాడులో తెరచి చూడగా దానిలో రాగము లేదు, తాళము లేదు. మీరు కోరిన పుట దొరకలేదు అని ఇంగ్లీషున వ్రాసిన చిన్న వెబ్ పుట యున్నది. సర్వరు తన చీటీ మొదటి పంక్తిలో 404 అని, అనగా ఆ వస్తువు ఇచట లేదని, న్యాయముగనే చెప్పెను. కాని కర్ల్ స్వభావము వచ్చినదానిని వచ్చినట్లు దాచుట. తప్పు సంఖ్య వచ్చినచో దాచవద్దని మనమే ముందుగా చెప్పవలెను, నేను చెప్పియుండలేదు. ఇంతకంటె చిక్కైనది మరియొకటి గలదు. కొన్ని చోట్ల సర్వరు 200 అనియే పలికి, పాటకు బదులు లాగిన్ పుటనో, క్షమాపణ పుటనో పంపును. అప్పుడు మొదటి పంక్తిని నమ్మి లాభము లేదు. కంటెంట్-టైప్ చూడవలెను: పాటయైనచో ఆడియో అను మాటతో మొదలగును, పుటయైనచో టెక్స్ట్ అను మాటతో మొదలగును. ఫైలు పేరు చివర ఎంపీ3 అని యుండుట ఏమియు నిరూపింపదు. ఆ పేరు మనము పెట్టినదే గదా!

చిరునామాలు మారుట బస్తరు వాసులకు కొత్త కాదు. కుంటకు ఉత్తరము వ్రాయువాడు 1998కి ముందు బస్తరు జిల్లా, మధ్యప్రదేశ్ అని వ్రాసెడివాడు. ఆ యేడు దంతెవాడ జిల్లా యేర్పడెను. 2000 నవంబరు 1న రాష్ట్రమే ఛత్తీస్‌గఢ్ అయ్యెను. 2012లో సుక్మా జిల్లా వచ్చెను. ఊరు కదలలేదు, శబరి కదలలేదు. పైవ్రాత మూడుమారులు మారినది. ఈవలి యొడ్డున కూనవరము కథయు నిట్టిదే: ఖమ్మము జిల్లాలో నుండి 2014లో తూర్పు గోదావరికిని, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకును మారెను. పాత చిరునామాకు వచ్చిన యుత్తరమును త్రిప్పి పంపు తపాలా గుమాస్తా వంటి సంఖ్య వెబ్బునందు 301. వస్తువు శాశ్వతముగా వేఱొక చోటికి తరలినది, లొకేషన్ అను పంక్తిలో కొత్త చిరునామా గలదు, అచట నడుగుము అని దాని తాత్పర్యము. ఆర్ ఆ కొత్త దారిని తానే పట్టి పోవును. కర్ల్ మనము పొమ్మన్నగాని పోదు. ఏది మేలని యడిగినచో, రెండవదే మేలందును. దారి మారిన సంగతి తెలిసి నడచుట వేఱు, తెలియక నడచుట వేఱు.

వరద దినములలో చీటీకి ప్రాణముతో సమానమైన విలువ వచ్చును. కేంద్ర జలసంఘము వారు శబరిని కుంటవద్దను, ఇంద్రావతిని పాతగూడెము వద్దను కొలుచుచున్నారు. ఇంద్రావతి నీరు గోదావరిలో గలసి భద్రాచలమునకు వచ్చును. అచట 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూచిన రేవది. శబరి అంతకు దిగువన కూనవరము వద్ద కలియును గనుక, గోదావరి నిండుగా నున్నపుడు దాని నీరు శబరిని ఎగదన్నును. చింతూరు, కుంట పక్కలనున్న పల్లపు నేలలు తమమీద వాన లేకున్నను మునుగును. అటువంటి వేళ నీటిమట్టముల పట్టిక నొకదానిని ఫైలుగా నుంచిన సర్వరును అరగంట కొకసారి యడుగు చిన్న ప్రోగ్రాము వ్రాసినవాడు ప్రతిసారియు మొత్తము పట్టికను లాగికొననక్కరలేదు. కడపటి చీటీలోని తేదీని జూపి, దీని తరువాత మారినచో ఇమ్ము అని యడిగినచో చాలును. మారనియెడల సర్వరు 304 అను సంఖ్యను మాత్రము పంపి యూరకుండును, మూట రాదు. వేలమంది ఒక్కమారు అడుగు రాత్రి ఆ సర్వరునకు గూడ నది యుపశమనము.

కాని ఆ తేదీని చదువు తెలివి మనకుండవలెను. చీటీలోని వేళ యెల్లప్పుడు గ్రీనిచ్ వేళ. మన గడియారమునకు అయిదున్నర గంటలు వెనుక. 00:30 అని యున్నచో కుంటలో ఉదయము ఆరు గంటలు. ఉదయము ఆరింటి పట్టికను అర్ధరాత్రి దాటిన వెంటనే వచ్చినదిగా నెంచి, ఇది పాతదని పక్కకు నెట్టినవాడు ఆ పూట చేతనున్న తాజా కొలతను జారవిడుచుకొనును. ఇంకను నొక సంగతి: లాస్ట్-మాడిఫైడ్ చెప్పునది ఫైలును మార్చిన వేళ మాత్రమే, కొలబద్ద వద్ద నిలిచి నీటిని చూచిన వేళ కాదు. ఆ రెండవది పట్టిక లోపల వ్రాసియుండవలెను. పైచీటీ తాజాగా నున్నను లోపలి కొలత నిన్నటిది కావచ్చును. రెండును చూచినపుడే పడవ కట్టవలెనో విప్పవలెనో తెలియును.

చీటీకి సహజమైన యొక లోపము గలదు. ఫైలు మన డిస్కు చేరగానే అది రాలిపోవును. ఫైలుకు పేరు మిగులును, పొడవు మిగులును. ఏ సర్వరునుండి వచ్చినది, ఏ నాటిది, ఏ ముద్ర గలది అనునవి మిగులవు. కనుకనే నేను ప్రతి ఫైలు పక్కన అదే పేరుతో నొక చిన్న పాఠపు ఫైలు నుంచి, యూఆర్‌ఎల్, తెచ్చిన తేదీ, పొడవు, ఈ-ట్యాగ్ దానిలో వ్రాసిపెట్టుదును. కాని ఆ ఫైలు మరియొకరి ఫోనునకు పోయినపుడు నా పాఠపు ఫైలు వెంట నడచునను నమ్మకము లేదు.

బస్తరులో ఫైళ్లు ఫోనునుండి ఫోనునకు నడచు దారియు గలదు. బీబీసీలో పాత్రికేయుడుగా నుండిన శుభ్రాంశు చౌధరి 2004లో సీజీనెట్ అను బృందమును మొదలుపెట్టి, 2010లో సీజీనెట్ స్వర అను ఫోను వేదికను నెలకొల్పెను. అడవిలోని మనిషి ఒక నంబరునకు మిస్డ్‌కాల్ ఇచ్చును. యంత్రము తిరిగి పిలుచును. అతడు తన భాషలో తన మాటను రికార్డు చేయును. పరిశీలించినవారు దానిని అందరును వినునట్లు ఫోనునందును, వెబ్బునందును ఉంచుదురు. ఇంటర్నెట్టు లేని పల్లెల కొరకు దీనికే బుల్టూ రేడియో అను మరియొక కొమ్మ మొలచెను. బ్లూటూత్ అను మాట అడవిలో బుల్టూ అయ్యెను. లైను గల పంచాయతీ కార్యాలయము వద్ద నొకడు ఫైలును దింపికొనును. అతనినుండి మరియొకడు, సంతలో మరి నలుగురు, సాయంత్రమునకు నలుబది యిండ్లు. ఒక్కసారి దింపిన నాలుగు ఎంబీల పాట సిగ్నలు లేని లోయలలోనికి బైటు ఖర్చు లేకుండ నడచిపోవును.

నా గుట్ట మిత్రుడు పండ్రెండవ పాటను కడకు సంతలోనే సంపాదించెను. ఎవరి ఫోనునుండి ఎవరి ఫోనునకు వచ్చెనో ఆ పాట, ఫైలు పేరు గూడ మారిపోయి, తేదీ యనుచోట ఆనాటి తేదీయే కనబడుచుండెను. చీటీ జాడ లేదు. ఎచటి పాటయో యెట్లు తెలియునని నేనడిగితిని.

“వినండి సారూ, మొదట్లోనే చెప్తరు,” అనెను.

ఫోను చెవికి దగ్గరగా పెట్టుకొంటిని. గాలి చప్పుడు, ఎక్కడనో కోడి కూత; ఆపైని ఒక స్త్రీ గొంతు, పాట నింకను ఎత్తుకొనకముందే, తొందర లేక, ఒక్కొక్క మాటను నిలిపి నిలిపి చెప్పుచుండెను: తన పేరు, తన యూరు, పంచాయతీ, బ్లాకు, జిల్లా, రాష్ట్రము.